స్పాంజ్ కడిగారు సరే, ఆరిందా? మేకప్ బ్రష్‌ల శుభ్రత వెనకున్న అసలు లెక్క

మా అక్క కూతురి పెళ్లికి ముహూర్తం ఉదయం 7 గంటలకు. మేకప్ చేసే అమ్మాయి నాలుగున్నరకే వచ్చి, కల్యాణమండపం పక్క గదిలో చాప మీద సామాను విప్పింది. గుడ్డ చుట్టలో పాతిక దాకా బ్రష్‌లు, ఒక జిప్ కవర్లో రెండు గులాబీ రంగు స్పాంజ్‌లు. పెళ్లికూతురికి మొటిమల భయం ఎక్కువ. "ఇవి కడిగినవేనా అక్కా?" అని అడిగింది. "రాత్రి రిసెప్షన్ నుంచి రాగానే పదిన్నరకి షాంపూ పెట్టి కడిగేశాను రా. చూడు, ఇంకా తడి కూడా ఆరలేదు" అంటూ ఆ అమ్మాయి కవర్ విప్పి చూపించింది. గదిలో అందరికీ టెన్షన్ తగ్గింది. తడిగా ఉందంటే కొత్తగా కడిగారన్నట్టే కదా అనుకున్నాం.

ఆ అమ్మాయి నిజమే చెప్పింది. అంత రాత్రివేళ ఓపిక చేసుకుని కడిగింది కూడా. కానీ మేము ధైర్యం తెచ్చుకున్న ఆ తడే అక్కడ అసలు సమస్య అని తర్వాత ఈ విషయం చదువుతుంటే అర్థమైంది. బ్రష్‌లు ఎన్నాళ్లకోసారి కడగాలని వెతికితే ఒకరు రోజూ అంటారు, ఒకరు వారానికోసారి అంటారు, ఇంకొకరు నెలకోసారి చాలంటారు. ఈ మూడు మాటలూ ఏదో ఒక సందర్భంలో నిజమే. ఏది ఎప్పుడు నిజమో తెలియాలంటే బ్రష్ కుచ్చులో, స్పాంజ్‌లో ఏం జరుగుతోందో ముందు చూడాలి.

కుచ్చులో పేరుకునేవి

బ్రష్ మురికైందని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు రకాలున్నాయి. మొదటిది మేకప్పే. ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి రంగు పొడులు, వాటిని పట్టి ఉంచే నూనెలు, మైనాలు, సిలికోన్లు. రెండోది మన ముఖం మీది జిడ్డు. మూడోది రాలిపోయే చర్మపు పొట్టు. నాలుగోది బ్యాక్టీరియా, ఈస్ట్, బూజు లాంటి సూక్ష్మజీవులు. జిడ్డూ పొట్టూ ఈ నాలుగోదానికి తిండి.

చర్మం మీద బ్యాక్టీరియా ఉండటం జబ్బేమీ కాదు. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది, చాలావరకు మంచే చేస్తుంది. దాని దాయాది స్టెఫైలోకాకస్ ఆరియస్ ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కులో కాపురం ఉంటుంది. వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. అదే బ్యాక్టీరియా గీరుకున్న చోటుకో, గిల్లిన మొటిమకో చేరితే చీము పట్టిస్తుంది. కాబట్టి బ్రష్‌లో బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. ఉంటుంది. ఎంత ఉంది, ఏ రకం ఉంది, ఎవరి చర్మం నుంచి వచ్చి ఎవరి చర్మానికి వెళ్తోంది అన్నవే తేల్చుకోవాల్సిన సంగతులు.

ఆవకాయ జాడీలో తడి గరిటె

బ్యాక్టీరియా పెరగడానికి తిండి ఒక్కటే చాలదు, నీళ్లు కావాలి. ఈ సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆవకాయ జాడీలో ఉప్పు, కారం, నూనె సరిపడా ఉన్నంతకాలం ఏడాదైనా చెడదు. ఎవరో తడి గరిటె పెడతారు, వారం తిరిగేసరికి పైన తెల్లగా బూజు కడుతుంది.

ఫౌండేషన్ సీసాలోనూ అంతే. అందులో చెడిపోకుండా కాపాడే ఫినాక్సీఇథనాల్ లాంటి ప్రిజర్వేటివ్‌లు కొలత ప్రకారం కలిపి ఉంటాయి. ఆ సీసాలో ఉన్నంతసేపు అవి పని చేస్తాయి. అదే ఫౌండేషన్ నీళ్లు పీల్చుకున్న స్పాంజ్ మీద పడ్డాక ప్రిజర్వేటివ్ పలచబడుతుంది, ముఖం జిడ్డు తోడవుతుంది. సీసాకిచ్చిన భరోసా స్పాంజ్‌కి వర్తించదు.

ఇక్కడే పౌడర్ బ్రష్‌కీ స్పాంజ్‌కీ దారి వేరవుతుంది. కాంపాక్ట్, బ్లష్ వేసుకునే బ్రష్ పొడిలో మునిగి పొడిగానే ఉంటుంది. బ్యాక్టీరియా దాని మీద ఉన్నా పెరగడం కష్టం. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బ్లెండర్ స్పాంజ్‌ని తడిపి, పిండి వాడటమే పద్ధతి. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన హాలీవుడ్ మేకప్ ఆర్టిస్ట్ రియా యాన్ సిల్వా, హై డెఫినిషన్ కెమెరాల ముందు గీతలు కనబడని మేకప్ కోసం దాన్ని రూపొందించారు. తడిగా ఉంటే స్పాంజ్ ఫౌండేషన్‌ని తక్కువ పీల్చుకుంటుంది, చర్మం మీద సమంగా పరుస్తుంది. దాని గొప్పా ఆ తడే, దాని బలహీనతా ఆ తడే.

ఇంట్లో ఆరు నెలలుగా వాడుతున్న స్పాంజ్‌ని ఒకసారి బ్లేడుతో నిలువునా కోసి చూశాను. వారం వారం కడుగుతున్నదే. బయట రంగు కొంచెం వెలిసింది తప్ప బాగానే ఉంది. లోపల మాత్రం వేలెడు లోతున గోధుమ రంగు వలయం, దాని పక్కన ఆవగింజలో సగం ఉండే నల్ల చుక్కలు మూడు. వలయం ఫౌండేషన్ అనుకున్నా, ఆ చుక్కలు బూజుకే పోలికగా ఉన్నాయి. స్పాంజ్ తయారయ్యే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురగలో గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. తడి, రంగు, జిడ్డు నడిమధ్య దాకా వెళ్లిపోతాయి. గాలి అంత సులువుగా వెళ్లదు. పైన వేలితో తాకితే పొడిగా తగిలే స్పాంజ్ నడుమ ఇంకా చెమ్మగా ఉండటం అందుకే.

బ్రిటన్‌లోని ఆస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచూ వినబడుతుంది. జనం వాడి ఇచ్చిన 467 మేకప్ వస్తువులను వాళ్లు పరీక్షించారు. లిప్‌స్టిక్, ఐలైనర్, మస్కారా, లిప్‌గ్లాస్‌లతో పాటు 79 బ్లెండర్ స్పాంజ్‌లు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ సూక్ష్మజీవులు స్పాంజ్‌లలోనే కనబడ్డాయి. వాటిలో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివి. 64 శాతం కిందపడ్డా తీసి వాడుకున్నవి. ఈ అంకెలను భయపెట్టడానికి వాడేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆ అధ్యయనం స్పాంజ్‌లలో ఏముందో చెప్పింది గానీ, వాడినవాళ్లలో ఎంతమందికి జబ్బు చేసిందో లెక్కపెట్టలేదు.

99.9 శాతం పోయినా మిగిలేది ఎంత

పెళ్లినాటి స్పాంజ్‌కే ఒక లెక్క కడదాం. అంకెలు అర్థం కావడానికి తీసుకున్నవే. రిసెప్షన్ అయ్యేసరికి అందులో 10 లక్షల బ్యాక్టీరియా ఉన్నాయనుకుందాం. పదిన్నరకి షాంపూతో చక్కగా కడిగితే 99.9 శాతం పోయాయి. మిగిలినవి 1,000. ఇంతవరకూ బాగుంది.

తర్వాత స్పాంజ్ జిప్ కవర్లోకి వెళ్లింది. తడి ఉంది, వెచ్చదనం ఉంది, లోపల మిగిలిన జిడ్డు ఉంది. గంటకోసారి రెట్టింపు అవుతాయనుకుంటే పదకొండున్నరకి 2,000, పన్నెండున్నరకి 4,000. తెల్లవారి నాలుగున్నరకి, అంటే 6 గంటలకు, 64,000. మంగళసూత్రధారణ, తలంబ్రాలు అయ్యాక ఎనిమిదిన్నరకి ఫొటోల కోసం టచప్ చేసేసరికి 10,24,000. పది గంటల్లో మొదటికొచ్చింది.

అదే స్పాంజ్‌ని గట్టిగా పిండి, గాలి తగిలేలా ఫ్యాన్ కింద పెట్టి ఉంటే? ఆరేకొద్దీ పెరుగుదల మందగిస్తుంది, తడి పూర్తిగా పోతే ఆగిపోతుంది. ఆ 1,000 కూడా తగ్గుతూ వస్తాయి. నిజజీవితంలో రెట్టింపయ్యే వేగం ఇంత క్రమంగా ఉండదు, ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. కానీ లెక్క ఎటు పోతుందో ఇది చూపిస్తుంది. కడగడం సంఖ్యని ఒక్కసారి కిందికి దించుతుంది. ఆ తర్వాత కథంతా ఆరబెట్టడం మీదే నడుస్తుంది.

మే నెలలో హైదరాబాద్ వడగాలికి రెండు మూడు గంటల్లో ఆరిపోయే స్పాంజ్, ఆగస్టు ముసురులో కాకినాడలోనో విశాఖలోనో మర్నాటికి కూడా చెమ్మగానే ఉంటుంది. కడిగే పద్ధతి ఒకటే అయినా ఫలితం ఒకటి కాదు. పొడి దేశాల నుంచి వచ్చే సలహాలు మన కోస్తాకి యథాతథంగా సరిపోకపోవడానికి ఇదో కారణం.

కడగడం వేరు, క్రిములను చంపడం వేరు

ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గందరగోళం. కడగడమంటే మురికిని విడదీసి నీళ్లతో పంపేయడం. డిసిన్ఫెక్షన్ అంటే మిగిలిన క్రిముల్లో చాలావాటిని చంపడం. స్టెరిలైజేషన్ అంటే ఏ ఒక్కటీ, చివరికి బ్యాక్టీరియా మొండి బీజాలు (స్పోర్లు) కూడా మిగలకుండా చేయడం. అది ఆపరేషన్ థియేటర్ పరికరాలకు చేసేది. మేకప్ బ్రష్‌ని ఇంట్లో ఎవరూ స్టెరిలైజ్ చేయలేరు, ఆ అవసరమూ లేదు.

కడిగే పని సర్ఫాక్టెంట్లది. ఆ అణువుకి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లని పట్టుకుంటుంది. జిడ్డు చుట్టూ గుంపుగా చేరి దాన్ని చిన్న ఉండలుగా విడగొట్టి నీళ్లతో పాటు లాక్కుపోతుంది. షాంపూలో, గిన్నెలు తోమే ద్రవంలో, ఒంటి సబ్బులో ఉన్నవి ఇవే, రకాలు వేరు. కుంకుడుకాయలో ఉన్న సపోనిన్లు కూడా సర్ఫాక్టెంట్లే. అందుకే అమ్మమ్మ పోసిన కుంకుడు రసానికి తలలో అంత నూనె వదిలేది. మరి బ్రష్‌కి పనికొస్తుందా? పౌడర్ బ్రష్ జిడ్డు బాగానే వదులుతుంది. చెమటకీ నీళ్లకీ చెదరకుండా సిలికోన్‌తో తయారైన ఫౌండేషన్ మాత్రం దానికి లొంగదు. పైగా సరిగ్గా జాడించకపోతే ఆ రసం ఐషాడో బ్రష్‌లో మిగిలి కంట్లో మండుతుంది. ఆ మంట చిన్నప్పుడు మనందరం చవిచూసిందే. శీకాయ పొడి సంగతి ఇంకో రకం. దాని నలుసులు కుచ్చు మొదట్లో ఇరుక్కుని ఒకపట్టాన రావు.

సబ్బు బిళ్ల గురించి వాదన ఎక్కువ. చౌక, జిడ్డు బాగా వదులుతుంది, నిజమే. కానీ సబ్బు క్షారగుణం కలది, పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మేక, ఉడుత వెంట్రుకలతో చేసిన బ్రష్‌కి అది పడదు. వెంట్రుక పైపొర లేచి గరుకవుతుంది. దీనికి మన బోరు నీళ్లు తోడయ్యాయంటే ఇంకో తంటా. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డిలా మారి పోగులకు అంటుకుంటాయి. బకెట్ అంచున తెట్టులా కట్టేది అదే. ఎన్నిసార్లు కడిగినా బ్రష్ బిరుసుగా ఉందని వాపోయే చాలా ఇళ్లలో తప్పు బ్రష్‌ది కాదు, నీళ్లది. షాంపూలోని సర్ఫాక్టెంట్లు ఇలా మడ్డి కట్టవు.

డిసిన్ఫెక్షన్‌కి ఎక్కువగా వాడేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 99 శాతం ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. క్రిమిలోని ప్రొటీన్లు విరగాలంటే ఆల్కహాల్‌తో పాటు నీళ్లూ ఉండాలి. పైగా 99 శాతం క్షణాల్లో ఆవిరైపోతుంది, పని చేసే వ్యవధే ఉండదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఫౌండేషన్ గడ్డకట్టిన బ్రష్ మీద ఆల్కహాల్ కొడితే పైపైనే తడుస్తుంది, జిడ్డు అడుగున ఉన్న క్రిములు భద్రంగా ఉంటాయి. ముందు కడిగితేనే తర్వాత చంపడానికి అర్థం. అతినీలలోహిత (యూవీ) వెలుగుతో క్రిములను చంపే పెట్టెల పరిమితీ ఇలాంటిదే. వెలుగు పడిన చోటే వాటి ప్రభావం. దట్టమైన కుచ్చు మధ్యకి, స్పాంజ్ లోపలికి ఆ వెలుగు వెళ్లదు.

మైక్రోవేవ్ మీద రెండు మాటలు

సబ్బునీళ్లలో ముంచిన స్పాంజ్‌ని నిమిషం పాటు మైక్రోవేవ్‌లో పెట్టే పద్ధతి కొన్నేళ్లుగా వీడియోల్లో తిరుగుతోంది. దీనికి అనుకూలంగా చెప్పేవాళ్లు అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2007లో చేసిన పరీక్షను చూపిస్తారు. తడి వంటింటి స్పాంజ్‌ని నిమిషం వేడిచేస్తే 99.99999 శాతం బ్యాక్టీరియా చనిపోయాయని అందులో తేలింది. వద్దనేవాళ్లు 2017లో జర్మనీ ఫుర్ట్‌వాంగెన్ యూనివర్సిటీ బృందం చేసిన పనిని చూపిస్తారు. ఇళ్లలో వాడిన 14 వంటింటి స్పాంజ్‌లను పరిశీలిస్తే, కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకి 5,000 కోట్ల దాకా బ్యాక్టీరియా ఉన్నాయి. క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్నామని వాడినవాళ్లు చెప్పిన స్పాంజ్‌లలోనూ తక్కువేం లేవు.

ఇవి ఒకదాన్నొకటి కొట్టిపారేసేవి కావు. మొదటిది వేడిచేసిన వెంటనే ఏమైందో చూసింది. రెండోది నెలల తరబడి ఇంట్లో వాడాక ఏం మిగిలిందో చూసింది. పైన వేసుకున్న లెక్కని గుర్తు చేసుకుంటే రెండూ నిజం కాగలవు. ఇవి వంటింటి స్పాంజ్‌ల ఫలితాలన్నది కూడా మరిచిపోకూడదు. మేకప్ స్పాంజ్ నురగ మెత్తన, వేడికి త్వరగా పాడవుతుంది. పొడి స్పాంజ్‌ని మైక్రోవేవ్‌లో పెడితే కాలిపోయి మంట అంటుకునే ప్రమాదం ఉంది. లోహపు పట్టీ ఉన్న బ్రష్‌ని అందులో పెట్టే ప్రశ్నే లేదు.

బ్రష్ ఊడిపోయేది ఎక్కడ

బ్రష్ మూడు ముక్కలు. కుచ్చు, దాన్ని బిగించే లోహపు పట్టీ, చెక్క పిడి. పట్టీ లోపల జిగురు ఉంటుంది. కుచ్చు పైకి ఉండేలా గ్లాసులో నిలబెట్టి ఆరబెడితే నీళ్లు కిందికి జారి జిగురులోకి ఇంకుతాయి. జిగురు మెత్తబడుతుంది, చెక్క ఉబ్బుతుంది, కొన్నాళ్లకు ముఖం మీద వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. ఇవి పాతబడి ఊడిన వెంట్రుకలు కావు, తడికి ఊడినవి. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ (అక్కడి చర్మవైద్యుల సంఘం) వాళ్లు బ్రష్‌ని అడ్డంగా పడుకోబెట్టి, కుచ్చు మాత్రం బల్ల అంచు దాటి గాలిలో ఉండేలా ఆరబెట్టమంటారు.

జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే ఊరుంది. ఆ దేశంలో తయారయ్యే బ్రష్‌లలో దాదాపు 80 శాతం అక్కడివే. 2011లో మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన జట్టుకి ప్రభుత్వం కానుకగా ఇచ్చింది కూడా కుమానో మేకప్ బ్రష్‌లనే. అలాంటి సహజ వెంట్రుకల బ్రష్‌లు చేసేవాళ్లు తరచూ కడగొద్దంటారు. వాడిన ప్రతిసారీ మెత్తటి గుడ్డ మీద తుడవడం మేలంటారు. చర్మవైద్యులు 7 నుంచి 10 రోజులకోసారి కడగమంటారు. ఒకరు వెంట్రుకల ఆయుష్షు చూస్తున్నారు, ఇంకొకరు చర్మాన్ని చూస్తున్నారు. నైలాన్ లాంటి సింథటిక్ పోగులకు ఈ పేచీ తక్కువ. అవి తరచూ కడిగినా తట్టుకుంటాయి. క్రీములు, ఫౌండేషన్ లాంటి తడి మేకప్‌కి సింథటిక్ బ్రష్‌లు నప్పడానికి ఇదీ ఒక కారణం.

రోజులా, వాడకాలా?

పది రోజులకోసారి అన్న మాటని ఇద్దరికి వర్తింపజేసి చూద్దాం. ఒక అమ్మాయి ఆదివారం మాత్రమే కాంపాక్ట్ వేసుకుంటుంది. పది రోజుల్లో ఆమె బ్రష్ ఒకటి రెండుసార్లు కదిలింది, అదీ పొడిగా. నెలకోసారి కడిగినా నాలుగైదు వాడకాలే. ఇంకొకామె హైటెక్ సిటీలో ఉద్యోగం, వారానికి ఆరు రోజులు తడి స్పాంజ్‌తో ఫౌండేషన్. పది రోజులంటే ఎనిమిది తొమ్మిది వాడకాలు, ప్రతిసారీ తడి, ప్రతిసారీ డ్రాయర్లోకి. మొదటామె విషయంలో పది రోజుల నియమం అతి జాగ్రత్త. రెండో ఆమెకి అది ఏ మూలకూ చాలదు. స్పాంజ్‌ని వాడిన ప్రతిసారీ కడగాలనే మాట ఈ రెండో రకం వాడకం నుంచి పుట్టింది. స్పాంజ్‌ని మూడు నెలలకోసారి మార్చాలన్న మాటలో అమ్మేవాళ్ల లాభం కొంత ఉంది. కోసి చూసిన ఆ స్పాంజ్ తర్వాత అందులో కొంత నిజం కూడా ఉందని నేను ఒప్పుకుంటాను.

మొటిమలకు బ్రష్ కారణమా?

అంత సూటిగా చెప్పలేం. మొటిమలతో ముడిపడిన క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ రంధ్రాల లోతున, గాలి తక్కువగా ఉన్నచోట బతుకుతుంది. అది ముందే అందరి చర్మంలో ఉంటుంది, బ్రష్ కొత్తగా తెచ్చిపెట్టక్కర్లేదు. హార్మోన్లు, జిడ్డు, మూసుకుపోయిన రంధ్రాలు పెద్ద కారణాలు. మేకప్ సరుకు వల్లే వచ్చే మొటిమలకు 1972లోనే ఆక్నె కాస్మెటికా అని పేరు పెట్టారు. అయినా బ్రష్‌ని పూర్తిగా వదిలేయలేం. గట్టిపడిన కుచ్చు చర్మాన్ని గీరుతుంది, పాత జిడ్డుని మళ్లీ పూస్తుంది, చితికిన మొటిమలోకి ఆరియస్ లాంటివి చేరవేస్తుంది.

2015లో ఆస్ట్రేలియాలో ఒక యువతికి వెన్నుపాము దగ్గర మొండి స్టెఫైలోకాకస్ (స్టెఫ్) ఇన్ఫెక్షన్ సోకి నడవలేని స్థితి వచ్చింది. ముఖం మీద స్టెఫ్ ఇన్ఫెక్షన్ ఉన్న స్నేహితురాలి బ్రష్ వాడటమే కారణమని ఆమె నమ్మింది. ప్రపంచమంతా ఆ వార్త చదివింది. అలా జరగడం అసాధ్యం కాదు, కానీ ఎంతో అరుదు. ఆ ఒక్క సంఘటనని పట్టుకుని రోజువారీ ప్రమాదాన్ని కొలవలేం.

ఒకే బ్రష్, ఐదు ముఖాలు

సొంత బ్రష్‌లో ఉన్నవి చాలావరకు మన చర్మానికి అలవాటైనవే. చేతులు మారినప్పుడు లెక్క మారుతుంది. పెళ్లింట్లో పెళ్లికూతురు, తల్లి, పిన్ని, ఇద్దరు చెల్లెళ్లు గంటన్నరలో తయారవ్వాలి. మధ్యలో కడిగి ఆరబెట్టే వ్యవధి ఉండదు. అందుకే ఆర్టిస్టులు త్వరగా ఆరే ఆల్కహాల్ స్ప్రే వాడతారు. చాలా బ్యాక్టీరియాకి అది పని చేస్తుంది.

కంటి దగ్గర మాత్రం ఒక లోటుంది. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్లకలక ఎలా పాకిందో గుర్తుండే ఉంటుంది. వైరల్ కళ్లకలక తెచ్చే ఎడినోవైరస్, ఎంటెరోవైరస్‌లకు పైన కొవ్వు పొర ఉండదు. ఆల్కహాల్ సులువుగా ఛేదించేది ఆ కొవ్వు పొరనే. అది లేని వైరస్‌ల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంతగా పారదు. ఎడినోవైరస్ పొడి వస్తువుల మీద రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతికే ఉంటుంది. అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న ఆరబెట్టే సూత్రం కూడా ఇక్కడ పూర్తిగా కాపాడదు. మస్కారాకి ఒకసారి వాడి పారేసే పుల్లలు, లిప్‌స్టిక్‌ని నేరుగా పెదవికి రాయకుండా స్టీలు పలకమీద గీరి తీసుకోవడం, కళ్లు ఎర్రగా ఉన్నవాళ్లకు ఐలైనర్ మానేయడం లాంటి అలవాట్లు వృత్తిలో ఉన్నవాళ్లకు ఏర్పడింది ఇందుకే. ఆ రోజు మా గదిలో మా పిన్నికి కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా నిద్ర లేక. మేకప్ అమ్మాయి ఆమె కాటుక డబ్బా ఆమెకే తెరిచిచ్చి, "మీరే పెట్టుకోండి పిన్నిగారూ" అంది.